హైదరాబాదులో భౌతికశాస్త్ర బోధన: మూడు భాషల ముచ్చట

ఒక శాస్త్రం ఒక దేశంలో అడుగుపెట్టడం వేరు. అక్కడ కాపురముండటం వేరు. అడుగుపెట్టడానికి ఒక పండితుడు, నాలుగు పుస్తకాలు, ఒక బీరువా నిండా పరికరాలు చాలు. కాపురముండాలంటే మాత్రం ఆ దేశపు పిల్లలు ఆ శాస్త్రంతో తమ మాటల్లో వాదులాడగలిగి ఉండాలి. “ఇది ఎట్లా నిజమవుతుంది?” అని తిరిగి అడగగలగాలి. ఆ ప్రశ్న పిల్లవాని నోట ఏ భాషలో పుడుతుందో ఆ భాషలోనే శాస్త్రం వేళ్లూనుకుంటుంది.

భౌతికశాస్త్రం హైదరాబాదు నగరానికి వచ్చి శతాబ్దం దాటి చాలా కాలమయింది. ఈ కాలంలో అది మొదట ఇంగ్లీషులో మాట్లాడింది. తరువాత ఉర్దూలో మాట్లాడింది. మళ్లీ ఇంగ్లీషుకు మళ్లింది. ఆపైన తెలుగు నేర్చుకున్నది. ఒకే నగరంలో ఒకే శాస్త్రం ఇన్ని భాషలు మారడం సామాన్యంగా కనబడే విషయం కాదు. ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఈ చరిత్రలో నేర్వదగిన పాఠమొకటి ఉన్నది. ఈ వ్యాసకర్త తెలుగు బోధించేవాడే గాని భౌతికశాస్త్రవేత్త కాడు. కనుక ఈ చరిత్రను పరికరాల వైపు నుంచి కంటె మాటల వైపు నుంచి చూడటమే అతనికి న్యాయం.

ఎడింబరో నుంచి వచ్చిన ఆచార్యుడు

కథ స్కాట్లండుతో మొదలుపెట్టాలి. హైదరాబాదులో ఆధునిక కళాశాల విద్యకు పునాదులు వేసినవారిలో ముఖ్యుడు అఘోరనాథ చట్టోపాధ్యాయుడు. సరోజినీదేవి తండ్రిగా ఆయన పేరు మన విద్యార్థులకు పరిచితమే. ఆయన ఎడింబరో విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం అభ్యసించి 1875లో డాక్టరు పట్టం పొందాడు. స్వదేశానికి వచ్చిన తరువాత నిజాము సంస్థానానికి చేరి హైదరాబాదు కళాశాలను స్థాపించాడు. అదే 1887లో నిజాం కళాశాల అయింది. ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది కనుక అక్కడి శాస్త్రబోధన ఇంగ్లీషులోనే సాగింది.

అఘోరనాథుడు చదివిన రోజుల్లో ఎడింబరోలో భౌతికశాస్త్రాచార్య పీఠానికి “ప్రకృతి తత్త్వశాస్త్రం” అనే అర్థమిచ్చే పేరు ఉండేది. పీటర్ టెయిట్ 1860 నుంచి 1901 వరకు ఆ పీఠాన్ని అధిష్ఠించాడు. గ్లాస్గోలో అదే పేరుగల పీఠంలో 1846 నుంచి 1899 వరకు, అనగా అర్ధశతాబ్దం పైగా, విలియం థామ్సన్ కూర్చున్నాడు. తరువాతి కాలంలో కెల్విన్ ప్రభువుగా లోకానికి తెలిసినవాడు ఈయనే. ఇద్దరూ కలిసి 1867లో వెలువరించిన మహాగ్రంథానికి కూడ ఆ ప్రకృతి తత్త్వశాస్త్రమనే పేరే పెట్టారు.

మనవారు స్కాట్లండు పేరు వినగానే అక్కడ శాస్త్రం మొదటినుంచీ ఇంగ్లీషులోనే బోధింపబడిందని తలుస్తారు. నిజం అది కాదు. గ్లాస్గో విశ్వవిద్యాలయం 1451లో పుట్టింది. పుట్టిన తరువాత రెండున్నర శతాబ్దాలకు పైగా అక్కడి ఆచార్యులు లాటినులోనే పాఠం చెప్పారు. ఇంట్లో ఒక భాష, బజారులో అదే భాష, తరగతిలో మాత్రం వేరొక భాష. 18వ శతాబ్దపు పూర్వార్ధంలో ఫ్రాన్సిస్ హచిసన్ అనే నీతిశాస్త్రాచార్యుడు లాటినును విడిచి ఇంగ్లీషులో ఉపన్యసించాడు. ఆ రోజుల్లో అది సాహసం. పండిత భాషను విడిస్తే పాండిత్యమే పోతుందని శంకించేవారు ఏ దేశంలోనైనా ఉంటారు. గ్లాస్గో అనుభవం ఆ శంకకు జవాబు చెప్పింది.

తరగతిలోకి వచ్చిన పనివాళ్లు

1757లో జాన్ ఆండర్సన్ గ్లాస్గోలో ప్రకృతి తత్త్వశాస్త్ర పీఠానికి వచ్చాడు. విద్యార్థులు నిలువుటంగీలు ధరించి విశ్వవిద్యాలయానికి రావడం అక్కడి ఆచారం. ఆండర్సన్ ఆ అంగీలతో పని లేని తరగతి ఒకటి పెట్టాడు. వడ్రంగులు, కమ్మరులు, యంత్రాల పనివాళ్లు తాము పనిచేసే బట్టలతోనే వచ్చి అక్కడ కూర్చోవచ్చు. గణితపు భారం తగ్గించి, ప్రయోగాలు చేసి చూపుతూ, వాడుక మాటల్లో ఆయన పాఠం చెప్పేవాడు. 1796లో చనిపోతూ తన ఆస్తిని అట్టివారి విద్యకే వ్రాసి ఇచ్చాడు. ఆ ధర్మం నుంచి పుట్టిన సంస్థయే నేటి స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయానికి మూలం.

అదే గ్లాస్గో తరగతిలో ఒక చిన్న ఆవిరియంత్రపు నమూనా ఉండేది. న్యూకొమెన్ యంత్రానికి అది బొమ్మ వంటిది. పాఠంలో చూపడానికి చేయించినది. అది సరిగా నడవకపోతే విశ్వవిద్యాలయం వారు బాగుచేయమని పరికరాలు చేసే జేమ్స్ వాట్ అనే యువకునికి అప్పగించారు. ఇది 1763లో జరిగింది. బాగుచేస్తూ చేస్తూ అతడొక సంగతి కనిపెట్టాడు. గొట్టాన్ని ప్రతిసారీ చల్లార్చి, ప్రతిసారీ మళ్లీ వేడి చేయడంలోనే ఆవిరిలో చాలా భాగం వృథా అవుతున్నది. ఆవిరిని వేరొక పాత్రలో చల్లబరిస్తే గొట్టం ఎప్పుడూ వేడిగానే ఉంటుందనే ఊహ అతనికి 1765లో తట్టింది. ఆ ఊహ తరువాత ప్రపంచపు కర్మాగారాల రూపురేఖలనే మార్చింది. ఒక పాఠశాల పరికరం చెడిపోయినప్పుడు బీరువాలో పెట్టి తాళం వేయక బాగుచేయించితే ఎంత జరుగగలదో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

థామ్సన్ మరొక అడుగు వేశాడు. ఒక పాత మద్యపు నేలమాళిగను సంపాదించి దానిని విద్యార్థుల ప్రయోగశాలగా మార్చాడు. అంతవరకు ప్రయోగం ఆచార్యుడు చేసి చూపేది, విద్యార్థి చూసేది. ఇక విద్యార్థి చేయి కూడ తీగను ముట్టుకున్నది. బ్రిటనులో విద్యార్థులు తమ చేతులతో పనిచేసిన తొలి విశ్వవిద్యాలయ భౌతిక ప్రయోగశాల అదేనని చెబుతారు.

పాఠకులు ఇక్కడ ముఖ్యంగా గమనించవలసినది ఇంకొకటి ఉన్నది. నేడు మన పిల్లలు ఇంగ్లీషు పుస్తకాలలో చదివే “పొటెన్షియల్ ఎనర్జీ”, “కైనెటిక్ ఎనర్జీ” అనే మాటలు అనాదిగా ఆ భాషలో ఉన్నవి కావు. మొదటిది 1853లో రాంకిన్ అనే స్కాట్లండు ఇంజనీరు కల్పించాడు. ఆయన ఆపైన గ్లాస్గోలోనే ఆచార్యుడయ్యాడు. రెండవదానిని 1862లో థామ్సన్, టెయిట్ ఒక సామాన్య పాఠకుల పత్రికలో ప్రయోగించారు. అనగా పాఠం చెప్పవలసిన అవసరం కలిగి, ఉన్న మాటలు చాలక, పాఠం చెప్పేవారే మాటలు చేసుకున్నారు. శాస్త్రభాష ఏ దేశంలోనూ ఆకాశం నుంచి ఊడిపడలేదు. అది తరగతి గదులలో తయారైన సరుకు.

ఉస్మానియా సాహసం

ఇప్పుడు మన నగరానికి తిరిగివద్దాం. 1917లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఒక ఫర్మానా జారీ చేశాడు. దాని ప్రకారం ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఒక పాఠ్యాంశంగా నిర్బంధమే గాని, బోధన అంతా ఉర్దూలో. 1919లో తరగతులు మొదలైనప్పుడు విద్యార్థులు 225 మంది, అధ్యాపకులు 25 మంది. దేశమంతటా విశ్వవిద్యాలయాలు ఇంగ్లీషులో నడుస్తున్న రోజుల్లో ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పవచ్చునని చూపడానికి పూనుకోవడం సామాన్య సాహసం కాదు. ఆ సాహసాన్ని మెచ్చుకోకుండా దాని లోపాలను మాత్రమే ఎంచడం న్యాయం కాదు.

పుస్తకాలు ఎక్కడివి? అందుకే 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాదశాల వెలసింది. మౌల్వీ అబ్దుల్ హక్ దానికి తొలి పెద్ద. భాషాపండితులూ శాస్త్రజ్ఞులూ ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్క ఇంగ్లీషు పదానికి ఉర్దూ పదం తేల్చవలసి వచ్చింది. ఇంగ్లీషు మాటనే ఉంచుదామా, అరబ్బీ ధాతువుల నుంచి కొత్త మాట తీద్దామా అన్న వాదాలు తెగేవి కావు. భౌతికశాస్త్రం “తబీయియాత్” అయింది. బలం “ఖువ్వత్” అయింది. విద్యుత్తు “బర్ఖ్” అయింది.

భాషాప్రియులకు ఆ పదాల పుట్టుక పరిశీలిస్తే ముచ్చట వేస్తుంది. వేగం పెరిగే తీరును ఇంగ్లీషువారు “ఆక్సిలరేషన్” అన్నారు. లాటినులో వడిగలది అనే అర్థమిచ్చే మాట దానికి మూలం. ఉర్దూవారు “ఇస్రా” అన్నారు. వేగమని అర్థమిచ్చే “సుర్‌అత్” దానికి తోబుట్టువు. తెలుగువారు “త్వర” నుంచి “త్వరణం” చేసుకున్నారు. మూడు భాషలు, మూడు మూలాలు, యుక్తి మాత్రం ఒకటే. ఏ భాషకు ఆ భాష తన ఇంటి గాదె నుంచి గింజలు తీసి కొలిచింది. ఒకటి శాస్త్రానికి తగినది, వేరొకటి తగనిది అనడానికి ఇక్కడ చోటు లేదు.

ఉస్మానియాలో శాస్త్రబోధన మాటలతోనే ఆగలేదు. 1901లో నవాబు జఫర్ జంగ్ సొంత ధనంతో స్థాపించిన నిజామియా వేధశాల 1908లో ప్రభుత్వపరమై, 1919లో విశ్వవిద్యాలయానికి చేరింది. ఆకాశాన్ని భాగాలు చేసి పంచుకుని దేశదేశాల వేధశాలలు ఛాయాచిత్రాలు తీసిన మహాకార్యంలో హైదరాబాదు కూడ తన వంతు భాగాన్ని పూర్తిచేసింది. ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో తెరవబడే నాటికి అడిక్‌మెట్ ప్రాంతం విద్యానగరంగా రూపొందుతున్నది. ఆ స్థలనిర్ణయంలో సలహా అడిగిన వారిలో పాట్రిక్ గెడ్డెస్ ఒకరు. ఆయన కూడ స్కాట్లండువాడే; డండీలో వృక్షశాస్త్రం బోధించినవాడు.

ఇంతటి ప్రయత్నం మూడు దశాబ్దాలకే ఎందుకు ముగిసింది? 1948 తరువాత రాజ్యం మారింది. బోధన ఇంగ్లీషుకు మారింది. కాని రాజకీయ కారణం ఒక్కటే చెప్పి ఊరకుండరాదు. నిజాము రాజ్యపు ప్రజలలో సుమారు సగం మంది తెలుగువారు. మరాఠీవారూ కన్నడంవారూ కలిసి మూడింట ఒక వంతుకు మించి ఉన్నారు. ఉర్దూ ఇంటిభాషగా గలవారు స్వల్పసంఖ్యాకులు. వరంగల్లు పల్లె నుంచి వచ్చిన బాలునికి ఇంగ్లీషు ఎంత దూరమో “బర్ఖ్” కూడ అంత దూరమే. అతడు మొదట ఒక భాషను గెలిచి, ఆపైన శాస్త్రాన్ని గెలవవలసి వచ్చింది. దేశభాషలో చదువు చెప్పాలన్న సూత్రం గొప్పది. అయితే ఎవరి దేశభాష అన్న ప్రశ్న వేసుకోలేదు. గ్లాస్గో తరగతిలో పనివాళ్ల భాష వినిపించింది. ఉస్మానియా తరగతిలో దర్బారు భాష వినిపించింది. భేదమంతా అక్కడ ఉన్నది.

తెలుగు చేసిన ప్రయత్నం

ఇదే హైదరాబాదులో 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించారన్న సంగతి మరువరాదు. తరువాత మద్రాసుకు తరలిన ఆ మండలి చరిత్రలతోపాటు శాస్త్రగ్రంథాలను కూడ తెలుగులో ప్రకటించింది. “పదార్థ విజ్ఞాన శాస్త్రము” వానిలో ఒకటి. ఆ రోజుల్లో తెలుగువారు ఫిజిక్సుకు ఇచ్చిన పేరు అది. దానికి రాజుల అండ లేదు, కళాశాల లేదు, పరీక్ష లేదు. చదివేవారి ఆసక్తి ఒక్కటే దాని మూలధనం.

ప్రభుత్వపు అండ దొరికింది 1968లో. ఆ యేడు తెలుగు అకాడమి ఏర్పడింది. నాటి విద్యామంత్రి పి. వి. నరసింహారావు దానికి తొలి అధ్యక్షుడు. ఇంటర్మీడియట్ నుంచి పైతరగతుల దాకా భౌతికశాస్త్రం తెలుగులో చదువుకునే వీలు కలిగింది. ఎందరో గ్రామీణ విద్యార్థులు ఆ పుస్తకాలు చదివి ఉపాధ్యాయులయ్యారు, ఇంజనీర్లయ్యారు. వసంతరావు వెంకటరావు, మహీధర నళినీమోహన్ వంటివారు తరగతికి బయట కూడ భౌతికశాస్త్రాన్ని తెలుగులో సరసంగా చెప్పవచ్చునని నిరూపించారు.

మనవారి పొరపాటు కూడ చెప్పాలి. దారుల్ తర్జుమావారు అరబ్బీ వైపు చూచినట్లే మన పారిభాషికులు తరచు సంస్కృతం వైపే చూచారు. “వ్యతికరణం”, “వివర్తనం”, “జడత్వ భ్రామకం” వంటి మాటలు తెలుగు పిల్లవానికి ఇంగ్లీషు మాటల కంటె దగ్గరివని నమ్మడం కష్టం. “సూదంటురాయి” అనే చక్కని మాట పల్లెల్లో ఉన్నది. సూదిని అంటించుకునే రాయి అని ఆ మాటలోనే దాని గుణం ఉన్నది. పుస్తకాలలోకి మాత్రం “అయస్కాంతం” వచ్చింది. అదీ అందమైన మాటే. ఇనుముకు ప్రియమైనది అని అర్థం. కాని ఆ అందం చెబితేగాని తెలియదు.

మరి కొన్ని మాటలు అద్భుతంగా కుదిరాయి. మంచు కరుగుతున్నంతసేపు ఎంత వేడి ఇచ్చినా దాని ఉష్ణోగ్రత పెరగదు. ఆ వేడి ఎక్కడ దాగుతున్నదని జోసెఫ్ బ్లాక్ అనే ఆచార్యుడు గ్లాస్గోలో 1760 ప్రాంతాల విచారించాడు. ఆ వేడికి తెలుగులో “గుప్తోష్ణం” అన్నారు. గుప్తధనమనే మాట విన్న పిల్లవాడు ఆ మాటలో సగం పాఠం తానే ఊహించుకుంటాడు. ఇంగ్లీషులోని “లేటెంట్” అనే మాట అతనికి ఏమీ చెప్పదు. అది అతడు కంఠస్థం చేయవలసిన ఒక శబ్దం మాత్రమే.

తగవు పుట్టిన చోట చదువు

ఈ వ్యాసానికి ప్రాణమైన మాట ఇక్కడ చెప్పాలి. హమాలీ ఒకడు బియ్యపు బస్తా నెత్తిన పెట్టుకుని సమతలమైన దారిలో నడుస్తున్నాడు. బస్తాను మోయడానికి అతడు పైకి ప్రయోగించే బలం ఏ “పని” చేయలేదని భౌతికశాస్త్రం అంటుంది. బలం నిలువుగా ఉన్నది, కదలిక అడ్డంగా ఉన్నది కనుక. ఈ పాఠం తెలుగులో చెప్పి చూడండి. తరగతి ఊరుకోదు. “అయ్యా, చెమటలు కారుతుంటే పని లేదంటారా?” అని ఎవడో ఒకడు లేస్తాడు. అక్కడ తగవు పుడుతుంది. ఆ తగవులోనే లోకం వాడే పనికీ శాస్త్రం వాడే పనికీ గల భేదం తేటతెల్లమవుతుంది. ఇదే పాఠం తెలియని భాషలో చెబితే నలభై తలలు బుద్ధిగా ఊగుతాయి. నలభై పుస్తకాలలో నిర్వచనం తప్పు లేకుండా వ్రాయబడుతుంది. తగవు మాత్రం పుట్టదు. తగవు పుట్టని చోట చదువు పుట్టిందని ఎవరు చెప్పగలరు?

దీనికొక ఆక్షేపణ ఉన్నది. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం నిజాం కళాశాలలో ఇంగ్లీషులోనే భౌతికశాస్త్రం చదివాడు. 1928లో కలకత్తా వెళ్లి రామన్‌గారి శిష్యుడయ్యాడు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర శాఖను తీర్చిదిద్దాడు. 1952 నుంచి 1957 వరకు ఉస్మానియాకు ఉపకులపతి అయ్యాడు. ఇంగ్లీషు ఆయనకేమి అడ్డం వచ్చింది, అని అడగవచ్చు. నిజమే, రాలేదు. మహాప్రతిభకు ఏ భాషా అడ్డం రాదు. కాని ఒక విద్యావిధానాన్ని ఒక్క భగవంతం గారిని చూచి కొలవకూడదు. తరగతిలో నడిమి బల్ల మీద కూర్చున్న విద్యార్థిని చూచి కొలవాలి. ఆండర్సన్ తరగతి పెట్టినది ఆ నడిమి బల్లవారి కోసమే.

నేటి పరిస్థితి పాఠకులకు తెలిసినదే. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టబడింది. తెల్లాపూరు పరిసరాలనే చూడండి. ఒకప్పుడు చెరువులూ పొలాలూ ఉన్న ఈ ప్రాంతానికి కొద్ది దూరంలోనే 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయం ఉన్నది. గోపన్‌పల్లిలో టాటా వారి మౌలిక పరిశోధన సంస్థ ఉన్నది. ఇంత సమీపంలో ఉన్నతమైన భౌతికశాస్త్రం జరుగుతున్నది. దాని గోడల ఇవతల బడికి వెళ్లే పిల్లలు ఉన్నారు. ఆ మేడలు కట్టే కూలీల బిడ్డలు, పొలాలు అమ్ముకున్న రైతుల బిడ్డలు, ఉద్యోగాలకై నలుదిక్కుల నుంచి వచ్చినవారి బిడ్డలు. ఆ గోడకు తలుపు భాషే. తలిదండ్రులు ఇంగ్లీషు కోరడంలో తప్పులేదు. జీవనోపాధి ఆ వైపున ఉన్నప్పుడు కోరక ఏమి చేస్తారు? మాధ్యమం ఏదని తగవులాడుతూ కూర్చుంటే పిల్లవాని సంవత్సరాలు ఆగవు.

అయినా ఉపాధ్యాయుని చేతిలో ఒక అధికారం మిగిలే ఉన్నది. పుస్తకం ఏ భాషలో ఉన్నా, మొదటి ప్రశ్న ఏ భాషలో వేయాలో నిర్ణయించేవాడు అతడే. ఒక కొత్త భావం వచ్చినప్పుడు ముందు దానిని పిల్లల ఇంటి మాటలో బల్ల మీద పెట్టవచ్చు. బావి చేదతో, ఉయ్యాలతో, గిలకతో చేసి చూపవచ్చు. తగవు పుట్టనివ్వవచ్చు. తగవు తీరిన తరువాత ఇంగ్లీషు మాట ఇవ్వవచ్చు. అప్పుడది అర్థం మీద అతికిన పేరవుతుంది. అర్థానికి బదులు నిలిచిన శబ్దం కాదు. విద్యార్థులు కూడ ఒక అలవాటు చేసుకోవాలి. నిర్వచనం అప్పజెప్పిన వెంటనే దానిని అమ్మకో తాతకో సొంత మాటల్లో చెప్పి చూడాలి. చెప్పలేకపోతే అది ఇంకా తమది కాలేదన్నమాట.

గ్లాస్గో లాటినును విడవడానికి రెండున్నర శతాబ్దాలకు పైగా పట్టింది. ఉస్మానియా తన సాహసాన్ని మూడు దశాబ్దాలలో ముగించుకున్నది. తెలుగు ప్రయత్నానికి యాభై యేండ్లు దాటాయి. అది ముగిసిందో, సాగుతుందో ఇంకా తేలలేదు. అది తేలేది శాసనసభలలో కంటె ఎక్కువగా రేపు ఉదయం జరిగే మొదటి గంట పాఠంలో. బల్ల మీద ఇటుక ఉంచి, దానికి దారం కట్టి, “ఇది ఎందుకు కదలడంలేదు?” అని ఉపాధ్యాయుడు అడిగినప్పుడు, వెనుక బల్ల నుంచి ఏ భాషలో జవాబు వస్తుందో చెవి ఒగ్గి వినాలి.